కేక వినపడినంత మేర

“...కాలు పెట్టలేదయ్యా, ఇప్పటికీ పెట్టలేదు. ఇరవయ్యేళ్ళ పైబడి ఆ దీవి చేపల గురించి రాస్తున్నాను. ఎక్కడెక్కడి వాళ్ళో నన్ను ‘మ్వాలా దీవి ఆవిడ’ అంటారు. నేనేమో దాని రాయి ఒక్కటీ తొక్కి ఎరగను. నవ్వు తమ్ముడూ, పర్లేదు. నాకే నవ్వొస్తుంది.”

ఎనెలేసి చిపోండా ఇలా అంటూ వేయించిన ఉసీపా చేపల పళ్ళెం నా వైపు జరిపింది. నేను ఆవిడ పడవ ఇంజను విప్పి, చేపల పరిశోధనా కేంద్రం వెనక వరండాలో ముక్కలు పరుచుకుని కూర్చున్నాను. ఆ ఇంజను తరచూ మొరాయిస్తుంది. మొరాయించినప్పుడల్లా ఆవిడ మాట్లాడుతుంది, నేను వింటాను. ఒక్కోసారి బిగించడం అయిపోయినా, ఇంకేదో తుడుస్తున్నట్టు కూర్చుంటాను.

ఎనెలేసి చేపల డాక్టరు. అంటే చేపలకి మందిచ్చే డాక్టరు కాదు. అవి ఎక్కడ ఉంటాయి, ఏం తింటాయి, పిల్లల్ని ఎలా సాకుతాయి, ఒకదాని మీద ఒకటి ఎలా ఆధారపడతాయి అని చూసి రాసే మనిషి. సరస్సు ఒడ్డున అందరికీ ఈ సంగతి తెలుసు. అయినా పిల్లలకి దగ్గొస్తే ఆవిడ గుమ్మం ముందే నిలబడతారు. ఆవిడ విసుక్కోకుండా నిమ్మకాయ, తేనె చెప్పి పంపిస్తుంది.

ఈ మధ్య మాత్రం ఒడ్డున ఆవిడ పేరెత్తితే ఊరు రెండుగా చీలుతోంది. కారణం ఆవిడ మొదటి వ్యాసం. దాన్ని చేత్తో పట్టుకుని, ఈ వానాకాలం దీవి చుట్టూ పెద్ద వల దించుతానంటున్నాడు పడవల ఆసామి వైసన్ కలూంబి. వానలు ఎంతో దూరంలో లేవు. ఆయన వల దించాడంటే గుడ్ల దగ్గర కాపలా ఉండే కంపాంగో చేపలు ఊడ్చుకుపోతాయి. వాటితోపాటు, వానాకాలమంతా ఎవరూ వెళ్ళకుండా దీవిని మూసి ఉంచే మా కట్టడీ పోతుంది. ఆపాలంటే దారి ఒక్కటే. దేశదేశాల వాళ్ళు కళ్ళకద్దుకున్న ఆ వ్యాసంలో లోపం ఉందని ఎనెలేసే అచ్చులో ఒప్పుకోవాలి.

“పెద్ద లిగొమెకాని నువ్వు చూశావుగా?” అంది.

చూశాను. మా ఊరి పాత పెద్ద. ఆయన పోయాక, మా ఆచారం ప్రకారం అక్క కొడుకు ఆ కుర్చీలోకి వచ్చాడు. కుర్చీతోపాటు పేరూ వచ్చింది కాబట్టి ఆయన్ని పెద్ద లిగొమెకా అనీ, ఇతన్ని చిన్న లిగొమెకా అనీ పిలుచుకుంటున్నాం.

“నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆయన దగ్గరికి వెళ్ళాను. వల అల్లుతున్నాడు, తలెత్తలేదు. ‘దీవి తెరిచి ఉన్నన్నాళ్ళూ అక్కడ మగవాళ్ళే ఉంటారు. మూసి ఉన్నన్నాళ్ళూ ఎవ్వరూ ఉండరు. నువ్వు ఎప్పుడు వెళ్దామని?’ అన్నాడు. ‘మూసి ఉన్నప్పుడే పెద్దయ్యా, చేపలు గుడ్లు పెట్టేది అప్పుడే కదా’ అన్నాను. ‘అయితే నీకు రెండు వైపులా తలుపులు మూసే ఉన్నాయమ్మా’ అన్నాడు. నేను ఊరుకోలేదు. ‘పెద్దయ్యా, నీళ్ళు కూడా దీవేనా?’ అన్నాను.”

“అబ్బో!”

“వల అల్లే చెయ్యి ఆగిపోయింది. పక్కనున్న ముసలాయన ‘ఎవరి పిల్ల ఇది?’ అన్నాడు. ‘న్కోటాకోటాలో ఎండుచేపలమ్మే ఎవెలీనా కూతుర్ని’ అన్నాను. ‘అదీ సంగతి. బేరమాడే ఇంట్లో పుట్టింది’ అన్నాడు.”

తల్లి ఎండుచేపల తట్ట పక్కనే ఎనెలేసి పెరిగింది. చిన్నప్పుడు ఒక చేప నోరు తెరిచి చూస్తే లోపల పిల్లలు కదులుతున్నాయట. “అమ్మా, ఇది పిల్లల్ని తినేస్తోందా, దాస్తోందా?” అని కొనేవాళ్ళ ముందే అడిగిందట. “నోరు ముయ్యి, బేరం చెడుతుంది” అని తల్లి కసిరింది. ఆ ప్రశ్నకి జవాబు బడిలో కూడా ఎవరూ చెప్పకపోతే కాలేజీ దాకా వెళ్ళానని చెబుతుంది.

“ఆ రోజు జవాబు రాలేదు. తోబ్వా గంజి పోసి పంపించేశారు. మళ్ళీ వెళ్ళాను. మళ్ళీ గంజి. నా కడుపులో గంజి నిండింది గానీ చేతిలో అనుమతి లేదు. నా పై అధికారి అన్నాడు కదా, ‘ఎందుకా తిరుగుడు? మూసిన నెలల్లో దీవి మీద నీటికాకులు తప్ప ఎవరున్నారు? దిగి చూసుకో, ఎవరు చూస్తారు?’ అని. నేను దిగలేదు. పెద్ద మంచిదాన్నని కాదు తమ్ముడూ. ఒక్కసారి దిగితే, రెండోసారి ఆయన కళ్ళలోకి చూసి గంజి తాగలేను. అంతే.”

చివరికి పెద్ద లిగొమెకా కబురు పెట్టాడు. ఒడ్డున నిలబడే తీర్పు చెప్పాడు. “రాయి మాది. నీళ్ళు సరస్సువి. నువ్వు నీళ్ళలో ఉండు, రాయిని ముట్టుకోకు.” ఎనెలేసి సంతోషంగా పడవ ఎక్కుతుంటే వెనక నుంచి మళ్ళీ పిలిచాడు. “ఇంకోటి విను. దీవి మీద నిలబడి మనిషి కేకేస్తే ఎంతవరకు వినపడుతుందో, అంతవరకు మా మర్యాదే నడుస్తుంది. అక్కడ తిట్టకూడదు, సబ్బు రుద్దకూడదు, మూసిన నెలల్లో వల తడపకూడదు.”

ఆ తర్వాత రెండు వానాకాలాలు ఆవిడ నీళ్ళలోనే ఉంది. అద్దాల ముసుగు తగిలించుకుని పడవ నుంచి వెనక్కి పడుతుంటే, “కప్పమ్మ దూకింది” అని పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్ళట. పడవ నడిపింది మా ఊరి లాజరో. రాళ్ళ సందుల్లో కంపాంగో జంటలు ఇసుక తవ్వి గూళ్ళు చేసుకోవడం, మీసాలు విదిలిస్తూ మొగుడూ పెళ్ళాం వంతులేసుకుని కాపలా కాయడం ఆవిడ చూసింది. పిల్లలు గుంపుగా తల్లి పొట్ట కిందికి చేరితే, తల్లి వాటికి తినడానికని వేరే గుడ్లు విడుస్తుంది. ఆ సంగతి చెప్పేటప్పుడు ఎనెలేసి రెండు చేతులూ కలిపి గూడులా పట్టుకుంటుంది. “ఇంత ముద్దు ముద్దు పిల్లలు. వాటి మధ్యలో వేరే జాతి చేప పిల్లలు కూడా దూరి పెరుగుతుంటాయి. ఆ తల్లి కాదనదు!”

ఒక్కటి గుర్తుంచుకోవాలి. ఆ గూళ్ళన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. రాయి మీద ఒక్కటీ లేదు.

“వ్యాసం రాసి పంపితే పరాయి దేశపు పత్రిక వాళ్ళు తిప్పి పంపారు. దీవి అంచున మోకాలి లోతు నీళ్ళలో ఎందుకు లెక్కపెట్టలేదు, అది లేకపోతే పని సగమే అన్నారు. నిజమే, సగమే. కానీ అంత లోతులో లెక్కపెట్టాలంటే రాయి మీద నిలబడాల్సిందే. అప్పుడు నాది తాత్కాలిక ఉద్యోగం. వ్యాసం పడకపోతే ఇంటికే. అయినా లెక్కలు వండలేను కదా! ‘అక్కడ నన్ను అనుమతించలేదు’ అని రాశాను. ఎవరిని అడిగానో, ఆయన ఏమన్నాడో రాశాను. చేపల పత్రికలో ఊరి పెద్ద మాట ఏమిటని మొదట విడ్డూరంగా చూశారు. తర్వాత సరే, కానీ పొడుగైంది, తగ్గించమన్నారు. ఏం తీసెయ్యను? చేప సంగతి తీసెయ్యలేను. తిట్లూ సబ్బూ వలా అన్న మాట ఒకటుంది. అది ఈ ఒడ్డున పాలు తాగే పిల్లకి కూడా తెలుసు కదా, దాన్ని అచ్చులో వెయ్యడం ఎందుకు అనుకున్నాను. కొట్టేశాను.”

వ్యాసం అచ్చయింది, ఉద్యోగం నిలిచింది. తర్వాత జరిగింది ఆవిడ కూడా అనుకోనిది. చేపల సంగతికి ఎంత పేరు వచ్చిందో, ‘నన్ను అనుమతించలేదు’ అన్న ఆ చిన్న పేరాకి అంతకంటే ఎక్కువ పేరు వచ్చింది. వేరే సరస్సు ఒడ్డునున్న మ్వాంజా నుంచి ఒక అమ్మాయి తన వ్యాసంలో రాసింది: ఈ రేవు వెనక సమాధులున్నాయి, ఊరివాళ్ళు వద్దన్నారు, అక్కడ వల వెయ్యలేదు. ఇంకెవరో నైజర్ నది మీద, ఇంకెవరో చలి దేశపు సముద్రం మీద అలాగే రాశారు. మాకు అనుమతి లేని చోటు ఇది అని చెప్పడం సిగ్గు కాదనీ, చెప్పకుండా దాటెయ్యడమే సిగ్గనీ ఒక పద్ధతి పడింది. ఇప్పుడు ఇక్కడికి వచ్చే కుర్ర పరిశోధకులు సంచిలో ఎనెలేసి వ్యాసం పెట్టుకుని, ముందు ఊరి పెద్ద ఇంటికే వెళ్తారు. “గంజి శాస్త్రవేత్తలు వచ్చారు, కుండ దించండి” అని మా ఆడవాళ్ళు నవ్వుతారు. ఆవిడ తర్వాత రాసినవి ఎన్నో ఉన్నాయి. కానీ పాత వ్యాసం చివర ధన్యవాదాల్లో లాజరో పేరు ఉంది కాబట్టి, లాజరో దృష్టిలో గొప్ప వ్యాసం అదొక్కటే.

సరిగ్గా ఆ వ్యాసమే వైసన్ చేతికి వచ్చింది. కాలేజీలో చదివే ఆయన అక్క కొడుకు తెచ్చి ఇచ్చాడు. వైసన్ చెడ్డవాడని నేననను. రెండు పడవలు, చిలిమిరా అనే పెద్ద వల, ఆ వల మీద బతికే ఇళ్ళు బోలెడు. ఉసీపా తగ్గిపోయి ఆయన కూడా ఇబ్బందిలో ఉన్నాడు. పోయిన నెల రేవు దగ్గర సభ పెడితే, అందరి ముందూ ఆ కాగితాలు పైకెత్తాడు.

“డాక్టరమ్మా, ఇది మీ చేతిరాతే కదా?”

“అచ్చు వైసన్. చేతిరాతైతే నువ్వు చదవలేవు,” అంది ఎనెలేసి. జనం నవ్వారు.

“నవ్వండి. ‘రాయి మాది, నీళ్ళు సరస్సువి.’ ఇది పెద్దాయన మాట. ప్రపంచమంతా చదివింది, అందరూ తలూపారు. మూసేది రాయిని. నీళ్ళని కాదు. నేను రాయి ముట్టుకోను, నీళ్ళలో వల వేసుకుంటాను. ప్రపంచం ఒప్పుకున్నది మా ఊరు ఒప్పుకోదా?”

చిన్న లిగొమెకా కుర్చీలో ముందుకి వంగాడు. మొన్నమొన్నటి దాకా బళ్ళో పాఠాలు చెప్పిన మనిషి. మామ తీర్పు చెప్పిన నాటికి పసివాడు. కట్టడి నిలవాలనే ఆయన కోరిక, కానీ కొత్తగా ఏదో కల్పించాడన్న మాట పడటం ఇష్టం లేదు.

“అక్కా, మామ ఆ మాట అన్నాడా?”

“అన్నాడు. కానీ అది సగం. మిగతా సగం నేను అచ్చుకివ్వలేదు.” కేక సంగతి మొత్తం చెప్పింది.

ఎప్పుడూ పెట్టుకునే ఉన్ని టోపీ వెనక్కి జరిపి, వైసన్ తల పక్కకి వాల్చాడు. “ఇన్నేళ్ళు గుర్తులేని సగం, నేను వల సవరించుకునేసరికి గుర్తొచ్చిందా అమ్మా?”

ఆవిడ మొహం కందిపోయింది. అప్పుడు లాజరో లేచాడు.

“నేను జరిమానా కట్టాను. ఒకసారి ఇంజను తాడు లాగుతుంటే తెగింది. మోచెయ్యి వెళ్ళి మూతికి తగిలింది. నోట్లోంచి రావాల్సింది వచ్చేసింది. అప్పుడు నేను దీవి మీద లేను, పడవలో ఉన్నాను, చుట్టూ నీళ్ళు. దీవి మీద వలలు ఆరేసుకుంటున్నవాళ్ళు విన్నారు. సాయంత్రానికి పెద్దాయన మనుషులు గుమ్మంలో ఉన్నారు. కోడిని ఇచ్చాను.”

“నువ్విచ్చావా?” వెనక నుంచి ఆయన భార్య అరిచింది. “గుడ్లు పెడుతున్న కోడి! నాది! తిట్టింది నువ్వు, పోయింది నా కోడి!”

రేవంతా గొల్లుమంది. వైసన్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. ఆ కోడి సంగతి ఊళ్ళో ముసలివాళ్ళందరికీ గుర్తుంది మరి. కానీ నవ్వు తగ్గాక ఆయన అన్నది కూడా కొట్టిపారెయ్యలేని మాటే. “కోడి కథ నేను కాదనను. రేపు చేపలశాఖ వాళ్ళొచ్చి ఆధారం చూపించమంటే కోడిని చూపిస్తారా? వాళ్ళ దగ్గరున్నది ఈ అచ్చే. అచ్చులో ఉన్నదాన్ని అచ్చే మార్చాలి.”

“అయితే మార్పించండి అక్కా,” అన్నాడు చిన్న లిగొమెకా. “దీవి మూసే రోజు దాకా వైసన్ బాబాయి ఆగుతాడు. అప్పటికి రాకపోతే నా నోటిమాటతో నేను ఆపలేను.”

“తర్వాత కేంద్రంలో ఏమైందో చెప్పనా?” అంది ఎనెలేసి, వరండాలో నా చేతికి స్పానర్ అందిస్తూ. “మా కొత్త అధికారి, నా కొడుకు ఈడువాడు, ‘మేడమ్, ఆ వ్యాసం మన కేంద్రానికి ముఖం. అందులో లోపం ఉందని మనమే చాటుకుంటే నిధులిచ్చేవాళ్ళు ఏమనుకుంటారు?’ అన్నాడు. ‘చేపలు ఏమనుకుంటాయో కొంత తెలుసుకున్నాను బాబూ, నిధులిచ్చేవాళ్ళు నా చదువులో లేరు’ అన్నాను. పైకి అలా అన్నాను గానీ, లోపల భయమే. మ్వాంజా అమ్మాయి ఉంది కదా, ఇప్పుడు వాళ్ళ ఊళ్ళో పాఠాలు చెబుతోంది, నా వ్యాసంతోనే మొదలుపెడుతుందట. ఆ పిల్ల ఏమనుకుంటుంది? అనుమతి సంగతి దాచకూడదని నేర్పిన మనిషే అందులో సగం దాచిందా అనుకోదూ?”

“అడిగారా?”

“అడిగాను. ‘మీరు సవరణ వేస్తే, ఆ సవరణని కూడా పాఠంలో పెడతాను’ అంది. ఇంకేం కావాలి? ఆ రోజే పత్రికకి పంపించేశాను.”

నిన్న జవాబు వచ్చిందట. ఆవిడ ఫోను తీసి చదివి, మా మాటల్లో చెప్పింది. సవరణ వేస్తాం, సంతోషం. దీవి మూసేలోపే వస్తుంది. కానీ ఒక్కటి తేల్చి పంపండి: కేక అంటే ఎంత దూరం?

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

“ముందు నాకు కోపం వచ్చింది. తర్వాత సిగ్గేసింది. మంచి ప్రశ్న తమ్ముడూ. ఇన్నేళ్ళలో నేనే వేసుకోవాల్సింది. గూడు గూడుకీ మధ్య బెత్తెడు దూరం కొలిచినదాన్ని, కేకని కొలవలేదు. పొద్దున చిన్న లిగొమెకా దగ్గరికి వెళ్ళాను. ‘దక్షిణం నుంచి మ్వేరా గాలి వీస్తుంటే కేక ఒక వైపు ఎగిరిపోతుంది, ఎదురువైపు చచ్చిపోతుంది. మీ మామ ఏ గాలి అనుకున్నాడో చెప్పలేదు’ అన్నాను. చాలాసేపు ఆలోచించాడు. ‘గాలి లేని పొద్దు, మామూలు మనిషి గొంతు. నేనున్నన్నాళ్ళూ అదే లెక్క. అలా నేను చెప్పానని రాయండి, మామ చెప్పాడని రాయకండి’ అన్నాడు. చూశావా, ఎంత శుభ్రంగా చెప్పాడో!”

దీవి ఇంకా తెరిచే ఉంది కాబట్టి మగవాళ్ళు దిగవచ్చు. రాయి మీద లాజరో నిలబడి కేకేస్తాడు. ఆవిడ పడవలో దూరం జరుగుతూ, కేక ఆగిన చోట జీపీఎస్ చూసి గుర్తు పెట్టుకుంటుంది. ఒక వైపు కాదు, దీవి చుట్టూ.

“బయటి వరస గూళ్ళ దాకా కేక చేరుతుందా అక్కా?” అన్నాను.

“తెలియదు.” ఆవిడ సరస్సు వైపు చూసింది. “చేరుతుందనే నా ఆశ. పెద్దాయన ఊరికే అని ఉండడు. చేరకపోతే చేరలేదనే వేస్తాను. ఆ బయటి గూళ్ళ కోసం అప్పుడు వైసన్‌నే బతిమాలుకుంటాను, అదేం తక్కువ పని కాదు. కానీ ఈసారి సగం రాయను.”

ఇంజను పై మూత పెట్టి చివరి మర బిగించాను. తాడు లాగితే రెండో లాగుడికి అందుకుంది. ఆవిడ చేతులు జోడించి దానికే దండం పెట్టింది.

“అయితే పడవలో వినేది మీరేనా?” అని అడిగాను.

“నేను వింటే నమ్మేదెవరు? నా చెవులు గూళ్ళ దాకా వింటాయి, వాటికి ఆశ ఎక్కువ. వైసన్ వింటాడు.”

“వైసనా! వినపడుతున్నా వినపడలేదంటాడు.”

“అనడు. అన్నాడే అనుకో, కేక చెవిన పడ్డ మనిషి మెడ కాస్తైనా కదలకుండా ఉంటుందా? మొప్పల కదలిక చూసి చేప బెదిరిందో లేదో చెప్పేదాన్ని, ఆయన మెడ చూడలేనా?” ఆవిడ నవ్వింది. కాసేపటికి తల అడ్డంగా ఊపింది. “లేదులే, మెడ చూడను. ఆయన వినపడలేదన్న చోటే గుర్తు వేస్తాను. ‘విన్నవారు వైసన్ కలూంబి’ అని సవరణలో పేరు కూడా వేస్తాను. అచ్చునే నమ్ముతాడు కదా, ఇక అందులో తనూ ఉంటాడు.”

నేను పనిముట్లు సంచిలో వేసుకుని లేచాను. ఆవిడ మిగిలిన ఉసీపాని కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టింది.

“ఇది నీకు కాదు, ఆయనకి. ఇప్పుడే వైసన్ ఇంటికి వెళ్ళు తమ్ముడూ, వల దగ్గరే ఉంటాడు. రేపు పొద్దున్నే, గాలి లేవకముందు, వచ్చి నా పడవలో కూర్చుని వినమని అడుగు. రమ్మన్నానని కాదు, అడిగానని చెప్పు. ఆ ఉన్ని టోపీ మాత్రం చెవుల మీదకి లాక్కుని రావద్దను.”